వస్తాలేరా

జాన్‌బాబు రైలు దిగీ దిగకముందే ఆ పని అప్పజెప్పేశాడు. చేతిలో పెట్టె ఇంకా ప్లాట్‌ఫారం మీద ఆననేలేదు. వెనక అతని భార్య మేరీ నిద్రపోతున్న కూతురు ఈవాని భుజాన వేసుకుని దిగుతోంది. తొమ్మిదేళ్ల కొడుకు హ్యారీ అప్పటికే రెయిలింగ్ దగ్గరికి పరుగెత్తి, బెర్లిన్ స్టేషన్‌కి కింద ఎన్ని అంతస్తులున్నాయో వంగి వంగి లెక్కపెడుతున్నాడు. ఆ సందు చూసుకుని, తీసుకెళ్లడానికొచ్చిన స్నేహితుడు ఇస్సాకు చెవి దగ్గర నోరు పెట్టి, "ఒరేయ్, వాడికింకా చెప్పలేదురా. నువ్వే చెప్పాలి," అన్నాడు.

విషయమేమిటో ఇస్సాకుకి నెల క్రితమే ఫోన్‌లో తెలిసింది. జూన్ ఇరవై ఎనిమిదిన నలుగురూ తాముండే ఎర్లాంగెన్ ఊరు ఖాళీ చేసి వైజాగ్ వెళ్లిపోతున్నారు. సెలవులకి కాదు, మొత్తానికే. ఇంటి ఓనరుకి కాగితం ఇచ్చేశారు. మేరీ పనిచేసే పళ్ల క్లినిక్‌లో తెలుసు, జాన్‌బాబు ఆఫీసులో తెలుసు, సోఫా కొనుక్కున్న పక్కింటి ముసలమ్మకీ తెలుసు. ఈవాకి అయిదేళ్లు, దానికి బొమ్మ పక్కనుంటే ఏ ఊరైనా ఒకటే. తెలియాల్సిన వాడు హ్యారీ ఒక్కడే, వాడికే తెలియదు.

"నేనేంట్రా మధ్యలో?" అన్నాడు ఇస్సాకు.

"బాబాయ్ చెప్పాడంటే వాడికిక తిరుగులేదు. నాలుగు రోజులున్నాయిగా. ఊరు చూపిస్తా చూపిస్తా మెల్లగా చెవిన వేసెయ్. సరదాలో ఉంటాడు, అంత తెలీదు."

అక్కడే ఇస్సాకు కుదరదని చెప్పాల్సింది. "చూద్దాంలే," అన్నాడు. మనవాళ్లు ఈ మాట ఎక్కడ పుట్టించారో గానీ, అన్నవాడికి కాదన్నట్టూ ఉంటుంది, విన్నవాడికి సరేనన్నట్టూ ఉంటుంది. జాన్‌బాబు సరేననే విన్నాడు. బరువు దిగినట్టు పెట్టె ఎత్తుకుని, "పదండి పదండి, ఆకలేస్తంది," అంటూ ముందు నడిచాడు.

ఇస్సాకు ఉండే పేట పేరు వెడ్డింగ్. ముప్పై ఏడేళ్లొచ్చినా పెళ్లి కాని మనిషి ఆ పేటలో ఇల్లు తీసుకోవడం స్నేహితులకి ఆరేళ్లుగా పాతబడని వేళాకోళం. మేరీ ఇంట్లో అడుగుపెట్టి, గోంగూర పచ్చడి సీసా, రొయ్యల పచ్చడి సీసా వంటింటి గట్టు మీద పెట్టి, "ఏం అన్నయ్యా, వెడ్డింగ్‌లో ఇల్లయితే ఉంది, మాకు భోజనమెప్పుడు పెడతావు?" అని రివాజుగా అడగాల్సింది అడిగింది. అందరూ నవ్వారు. హ్యారీ మాత్రం నవ్వకుండా, "రేపు ప్రోగ్రాం ఏంటి బాబాయ్? ఎన్నింటికి బయల్దేరాలి?" అని బడిలో ఇచ్చిన చిన్న నీలం డైరీ తెరిచి కూర్చున్నాడు.

*

శుక్రవారం పొద్దున పార్లమెంటు భవనం మీది గాజు గుమ్మటం. మూడు వారాల ముందే అందరి పేర్లూ, పుట్టిన తేదీలూ ఇచ్చి ఇస్సాకు సంపాదించిన అనుమతి అది. గుమ్మటం లోపల గోడ వెంబడే చుట్టలు చుట్టుకుంటూ పైకి పోయే దారి. ఈవా అడుగడుక్కీ కూర్చుండిపోతుంటే తల్లిదండ్రులు కింద చిక్కుబడిపోయారు. ఇస్సాకూ హ్యారీ ముందు నడిచారు. జాన్‌బాబు కింద నుంచి కళ్లెగరేశాడు, ఇదే సమయం, కానియ్ అన్నట్టు.

ఇస్సాకు గొంతు సవరించుకున్నాడు. "హ్యారీ, నీకు వైజాగ్ ఇష్టమేనా?"

"ఇష్టమే. సముద్రం ఉంది కదా. కానీ అక్కడ జిల్బర్ ఇవ్వరు."

"అదేంటి?"

వాడు ఆగిపోయి, చేతులు రెండూ పైకెత్తి మొదలుపెట్టాడు. ఈతలో మొదటి బిళ్ల వచ్చేసింది, కంచు బిళ్లా వచ్చేసింది, ఇప్పుడు వెండి బిళ్ల, దాన్నే జిల్బర్ అంటారు. నాలుగు వందల మీటర్లు ఈదాలి, పైనుంచి దూకాలి, రెండు మీటర్ల లోతుకి మునిగి అడుగునున్న రింగు పట్టుకు రావాలి. మిగతావన్నీ వచ్చేశాయి, రింగు ఒక్కటే రావడం లేదు, చెవులు నొప్పెడతాయి. పరీక్ష జూలై పదిహేనున. రోజూ స్నానాల తొట్టిలో ఊపిరి బిగబట్టి సాధన చేస్తున్నాడు. నలభై ఒక్క సెకన్ల దాకా వచ్చాడు.

జూలై పదిహేను నాటికి వీళ్లు వైజాగ్‌లో ఉంటారని ఇస్సాకు లెక్కేసుకున్నాడు.

"బాబాయ్, నువ్వు చూడ్డానికి వస్తావా? నాన్న వీడియో తీస్తాడు, కానీ ఎప్పుడూ నా తల కట్ చేసేస్తాడు."

వాడి మొహం చూడాలి అప్పుడు. ఆ మొహానికి లేదని చెప్పే మనిషి ఇంకా పుట్టలేదు. "వస్తాలేరా," అన్నాడు ఇస్సాకు.

అన్న తర్వాత గానీ ఏమన్నాడో తెలియలేదు. ఇలాంటివి ఎన్ని అనలేదు! మీ ఇంట్లో ఫంక్షనుకా, వస్తాలే. ఆదివారం ప్రార్థనకా, వస్తాలే. అడిగినవాళ్లకీ తెలుసు, అన్నవాడికీ తెలుసు, ఎవరూ ఏమీ అనుకోరు. కానీ వీడు ఇక్కడ పుట్టిన పిల్లాడు. హ్యారీ జేబులోంచి డైరీ తీశాడు.

"ఎన్నింటికి వస్తావు? పరీక్ష పదింటికి."

"పదింటికే వచ్చేస్తాలే."

గాజు గోడకి డైరీ ఆనించి, నాలుక కొస బయటపెట్టి, గుండ్రటి అక్షరాలతో జర్మన్‌లో రాసుకున్నాడు. జూలై పదిహేను, శనివారం, పది గంటలు, ఇస్సాకు బాబాయ్ వస్తాడు. రాసి, కింద గీత గీసి, "ఇప్పుడిది టెర్మిన్," అన్నాడు. ఈ దేశంలో టెర్మిన్ అంటే మాట ఇచ్చి కుదుర్చుకున్న వేళ, డాక్టరు దగ్గరైనా, ఆఫీసులోనైనా, ఎదురింటివాళ్లతో కాఫీకైనా సరే, రాసుకున్నాక ఇక తప్పేది లేదు. కింద బెర్లిన్ మొత్తం కనిపిస్తోంది, టవరూ, నదీ, పచ్చటి చెట్లూ. ఏది ఏదో చూపించాలి కాబట్టి చూపించాడు. ఆ మాట మాత్రం ఎత్తలేదు.

కిందికి దిగాక జాన్‌బాబు పక్కకొచ్చి, "చెప్పావా?" అన్నాడు.

"లేదురా. ఇంకోటయింది," అన్నాడు ఇస్సాకు. ఏమైందో చెప్పడానికి సిగ్గేసింది.

ఆ రోజంతా బ్రాండెన్‌బర్గ్ ద్వారం, నది మీద పడవ, మళ్లీ నడక. హ్యారీ అడిగిందల్లా జాన్‌బాబు కొనిచ్చాడు. కొత్త ఈత కళ్లద్దాలు కొన్నాడు. ఐస్‌క్రీమ్ కొన్నాడు. ఇంకోటి అన్నాడు వాడు, మామూలు రోజుల్లో పడేది మొట్టికాయ, ఇవాళ ఇంకోటి కూడా కొన్నాడు. ఎలుగుబంటి బొమ్మ ముందు ఫోటో తీస్తే హ్యారీ తల సగం తెగిపోయింది. "చూశావా?" అన్నట్టు వాడు ఇస్సాకు వైపు చూశాడు.

*

శనివారం రాక్షసబల్లుల మ్యూజియం. మేడంత ఎముకల గూడు చూసి ఈవా గుక్కపెట్టి ఏడ్చింది. దాన్ని తీసుకుని మేరీ బయటికొస్తే, ఇస్సాకు కూడా పులిహోర సంచీ పట్టుకుని వెంట వచ్చాడు. పార్కులో బెంచీ మీద కూర్చుని ఈవాని పావురాల మీదికి వదిలారు. మేరీ స్టీలు డబ్బా మూత తీసి, అరిటాకులు లేని దేశంలో కాగితం పళ్లేల్లో సర్దుతోంది.

"నామీద కోపంగా ఉందా అన్నయ్యా?"

"నీ మీదెందుకమ్మా?"

"నా మూలానే కదా ఇదంతా." గరిటె పక్కనపెట్టి చేతులు ఒళ్లో పెట్టుకుంది. అవి నిలకడైన చేతులు. ఇండియాలో మూడేళ్లు పళ్ల డాక్టరుగా పనిచేసిన చేతులు. "ఇక్కడి లైసెన్సు పరీక్ష మూడోసారి కూడా పోయింది. ఇక రాయనివ్వరు. ఆరేళ్లుగా డాక్టరు పక్కన నిలబడి పనిముట్లు అందిస్తున్నా. ఆయనడగకముందే ఏది కావాలో తెలుస్తది నాకు. పోయిన నెల ఒకావిడకి తప్పు పన్ను పీకబోయాడు. నేను నెమ్మదిగా అద్దం తిప్పి చూపిస్తే సర్దుకున్నాడు. థాంక్యూ కూడా అనలేదు. వైజాగ్ డెంటల్ కాలేజీలో నన్ను పాఠం చెప్పడానికి పిలిచారన్నయ్యా, పనిముట్లు అందించడానికి కాదు, పిల్లలకి చెప్పడానికి."

"మంచిదే కదమ్మా. అదే హ్యారీకి చెప్పు."

"నేను చెప్తే, నా ఉద్యోగం కోసం వాడి ఈత మాన్పించినట్టే కదా. వాడు నన్నెప్పటికీ అలాగే చూస్తాడేమో." కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గబుక్కున ఈవాని పిలిచి, అది పారేసిన చెప్పు కోసం లేచి వెళ్లింది. ఇస్సాకుకి ఆమె మీద కోపం రావాలన్నా రాలేదు. జాలేసింది. హ్యారీ మీదా జాలేసింది. ఇద్దరి మీదా జాలిపడ్డవాడికి ఏ మాటా నోటికి రాదు.

తిన్నాక గోడ చూడ్డానికి నడిచారు. ఊరిని రెండుగా చీల్చిన ఆ పాత గోడ, ఇప్పుడు కొంచెం ముక్క మిగిల్చి చుట్టూ గడ్డి పెంచారు. అక్కడి బోర్డులు హ్యారీ ఒక్కటీ వదలకుండా చదువుతూ ఈవాకి తెలుగులో చెబుతున్నాడు. వినే ఓపిక దానికి లేదు, చెప్పే ఓపిక వాడికుంది.

"ఆదివారం పొద్దున లేచేసరికి ముళ్లతీగ వేసేశారంట. అటువాళ్లు అటే, ఇటువాళ్లు ఇటే." తండ్రి వైపు తిరిగాడు. "నాన్నా, ముందు రోజు పిల్లలకి ఎవరూ చెప్పలేదా?"

"ఎవరికీ తెలీదు నాన్నా. రాత్రికి రాత్రి కట్టేశారు."

"ఎవరికో తెలిసే ఉంటుంది. అంత తీగ తేవాలి కదా."

జాన్‌బాబు గోడ వంక చూశాడు, గడ్డి వంక చూశాడు. "ఐస్‌క్రీమ్ తింటావా?" అన్నాడు.

హ్యారీ తల అడ్డంగా ఊపాడు. కాసేపటికి వెనకబడి ఇస్సాకు చెయ్యి పట్టుకున్నాడు. "బాబాయ్, నాన్నకి ఒంట్లో బాలేదా?"

"అదేంట్రా?"

"నిన్నటి నుంచి అన్నిటికీ సరే అంటున్నాడు. వద్దన్నా కొంటున్నాడు. నాకు భయంగా ఉంది."

అడిగినవన్నీ కొనిచ్చే తండ్రిని ఇస్సాకు ఇంతకుముందు చూశాడు. ఎక్కడ చూశాడో అడుగులు వేస్తుండగా ఒక్కొక్కటే గుర్తొచ్చింది. పిల్లాడి చెయ్యి వదలకుండా ట్రామ్ స్టాపు దాకా నడిచాడు.

సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, స్నేహితులిద్దరూ వంటింట్లో దూరారు. ఉల్లిపాయలు ఇస్సాకు కోస్తున్నాడు, చికెన్ జాన్‌బాబు కడుగుతున్నాడు. మిషన్ హాస్టల్లో ఒకే వంటశాలలో పెరిగినవాళ్లు. ఒకరడక్కుండానే ఒకరు గిన్నె అందిస్తారు.

"ఇవాళ కూడా చెప్పలేదు కదూ? రేపొక్క రోజే ఉందిరా," అన్నాడు జాన్‌బాబు.

"చెప్పను. నువ్వే చెప్పు."

"నావల్ల కాదురా. వాడి మొహం చూస్తే మాట రాదు."

"ఐస్‌క్రీమ్ వస్తది."

జాన్‌బాబుకి ఒళ్లు మండింది. "నీకేంట్రా, పెళ్లా పిల్లలా! కన్నవాడికి తెలుస్తది ఆ బాధ."

ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకోదా మరి! ఇస్సాకు కత్తి పక్కన పెట్టి, ఉల్లిఘాటుకి కారుతున్న కళ్లు మోచేత్తో తుడుచుకున్నాడు.

"జానూ, హాస్టల్లో దింపిన రోజున మీ నాన్న నీకేం కొన్నాడు?"

కుళాయి కింద జాన్‌బాబు చేతులు ఆగిపోయాయి. నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"అదిప్పుడెందుకు?"

"చెప్పు."

"పచ్చ బస్సు," అన్నాడు చివరికి. "తాళం తిప్పితే పరుగెత్తేది. నరసాపురం చూపిస్తానని తీసుకొచ్చాడు. లాంచీ ఎక్కించాడు. బజ్జీలు కొన్నాడు. అడిగిందల్లా కొనిచ్చాడు. ఎంత సంబరపడ్డానో."

"నాకు జీళ్లు కొన్నాడు మా నాన్న. ఇక్కడే కూచోరా, మంచినీళ్లు తాగొస్తానన్నాడు. వస్తే ఇద్దామని సగం జీళ్లు దాచా. మూడో రోజుకి చీమలు పట్టేశాయి. నువ్వే విదిలించి పెట్టావు నాకు."

"నువ్వు ఏడుపాపట్లేదని పెట్టాను."

"చదివించినందుకు ఆయన మీద నాకు కోపం లేదురా. ఆ చదువు బట్టే ఈ మాత్రమయ్యాం. మీ నాన్నెళ్లిపోయాడ్రా అని నాకు చెప్పిందెవరు? గేటు దగ్గర వాచ్‌మన్. ముప్పై ఏళ్లయింది, అతని మొహం నాకింకా గుర్తే. నేను హ్యారీకి ఆ వాచ్‌మన్‌ని కాలేను."

జాన్‌బాబు కుళాయి కట్టేశాడు. చికెన్‌లో పసుపు రెండుసార్లు వేశాడు. ఆ రాత్రి కూర చేదుగా ఉందని ఈవా ఒక్కతే పైకి అంది.

*

ఆదివారం ఊరి చివర చెరువుకి వెళ్లారు. ఎస్-బాన్ రైలు దిగి, చెట్ల మధ్య పది నిమిషాలు నడిస్తే ఇసక ఒడ్డూ, నీళ్లల్లోకి పొడుచుకెళ్లిన చెక్క వంతెనా, కొంచెం దూరంలో తేలుతున్న ఎర్ర పీపా. జూన్ మొదట్లో నీళ్లు చల్లగా ఉన్నా ఎండ బాగా కాస్తోంది. హ్యారీ చొక్కా విప్పేలోపే జాన్‌బాబు వాడి భుజం మీద చెయ్యి వేశాడు. "రా నాన్నా, నీతో మాట్లాడాలి," అన్నాడు. ఇద్దరూ వంతెన చివరిదాకా నడిచి, కాళ్లు నీళ్లల్లో వేలాడేసుకుని కూర్చున్నారు.

ఒడ్డున మేరీ పులిహోర డబ్బా మూత తీస్తోంది, పెడుతోంది. మళ్లీ తీస్తోంది. చివరికి డబ్బా ఇస్సాకు చేతిలో పెట్టి, "నా సంగతి నేనే చెప్పాలన్నయ్యా," అని లేచింది. చెప్పులు విడిచి, వంతెన మీద నడిచి, కొడుక్కి రెండో పక్కన కూర్చుంది.

ఇస్సాకుకి మాటలు వినబడలేదు. మూడు వీపులు కనిపించాయి. మధ్యనున్న చిన్న తల కుడివైపు తిరిగింది, ఎడమవైపు తిరిగింది, ఇంకోసారి కుడివైపు తిరిగింది. తర్వాత ఎటూ తిరగలేదు. జాన్‌బాబు చెయ్యి ఆ తల మీదికి వెళ్లబోయి గాల్లోనే ఆగింది. హ్యారీ నీళ్లల్లోకి దూకేశాడు.

మునిగినవాడు ఎంతకీ పైకి రాలేదు. నలభై ఒకటి, అనుకున్నాడు ఇస్సాకు, నలభై ఒకటి దాకా ఉండగలడు. లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఇరవై ఆరు దగ్గర దూరంగా నల్లటి తల తేలింది. తేలి, వెనక్కి చూడకుండా ఎర్ర పీపా దాకా ఈదుకుంటూ పోయి, దాన్ని కావలించుకుని అక్కడే ఉండిపోయాడు. జాన్‌బాబు దూకబోతే మేరీ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ ఇద్దరూ అక్కడ, పిల్లాడు అక్కడ, ఇస్సాకూ ఈవా ఇక్కడ. చాలాసేపు అలాగే ఉన్నారు.

ఒడ్డుకొచ్చినప్పుడు హ్యారీ అమ్మానాన్నల వైపు రాలేదు. నేరుగా ఇస్సాకు ముందుకొచ్చి నిలబడ్డాడు. పెదాలు నీలంగా ఉన్నాయి, పళ్లు టకటకమంటున్నాయి. ఇస్సాకు తువ్వాలు కప్పబోతే ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నీకు తెలుసా?"

"తెలుసురా."

"ఎప్పటి నుంచి?"

"నెల నుంచి."

"ఆ గాజు గుమ్మటంలో, పదిహేనుకి వస్తానన్నావు. అప్పుడు కూడా తెలుసా?"

"తెలుసు."

"మరి ఎందుకన్నావు?"

సాకులు చాలానే వచ్చాయి నోటి దాకా. నిన్ను బాధపెట్టలేక, నీ సరదా చెడగొట్టలేక, ఇంకా ఇలాంటివే. వాడి కళ్ల ముందు ఒక్కటీ నిలబడలేదు. "అబద్ధం చెప్పాను. నిజం చెప్పడానికి భయమేసింది. తప్పు నాదే," అన్నాడు ఇస్సాకు.

"నువ్వు పెద్దవాడివి కదా."

"అయినా వేసిందిరా."

అప్పుడు ఏడ్చాడు హ్యారీ. మూతి బిగబట్టి ఆపుకోవాలని చూశాడు గానీ ఆగలేదు. మధ్యమధ్య జర్మన్‌లో ఏవో పేర్లు, బడిలో స్నేహితులవి కాబోలు, వెక్కుతూ చెబుతున్నాడు. ఈసారి తువ్వాలు కప్పితే వద్దనలేదు. వాణ్ణి పొదివి పట్టుకుని ఇస్సాకు కూడా సిగ్గు విడిచి ఏడ్చాడు. ఈవా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తను కట్టిన ఇసక గూడు మీది గులకరాయి తీసుకొచ్చి అన్న చేతిలో పెట్టింది.

ఏడుపు దానంతట అదే అయిపోయాక, హ్యారీ తువ్వాలుతో చేతులు శుభ్రంగా తుడుచుకున్నాడు. సంచీలోంచి డైరీ తీశాడు. జూలై పదిహేను మీద అడ్డంగా తిన్నటి గీత కొట్టాడు. పేజీలు వెనక్కి తిప్పి ఇవాళ్టి తేదీ దగ్గర ఆపి, ఇస్సాకు చేతి గడియారం చూసి, ఏదో రాశాడు.

"టెర్మిన్ మార్చాను," అన్నాడు. "ఇవాళ. పన్నెండున్నర. నువ్వు వచ్చేశావు కదా."

ఇస్సాకు లేచాడు. ఫోన్‌లో గడియారం పెట్టి, ఆఫీసరులా నిటారుగా వంతెన చివర నిలబడ్డాడు. పీపా దాకా వెళ్లి రావడం ఎనిమిది సార్లు. తండ్రి పక్కనే ఈదుతూ ఉండాలి గానీ ముట్టుకోకూడదని హ్యారీ షరతు పెట్టాడు. గోదావరి కాలవల్లో నేర్చిన ఈత జాన్‌బాబుది, నీళ్లు చుట్టూ చిమ్ముతాయి. ఆరో చుట్టుకి ఆయాసపడి వంతెన స్తంభం పట్టుకుని వేలాడాడు. కొడుకు ఆగలేదు. ఎనిమిదీ పూర్తిచేశాడు, దూకడమూ అయింది.

"రింగు కావాలి," అన్నాడు నీళ్లల్లోంచి.

రింగు ఎక్కడిది? మేరీ పులిహోర డబ్బా మూత తీసుకొచ్చి భర్త చేతికిచ్చింది. స్టీలు మూత తళుక్కుమంటూ మునిగి, ఇసక అడుగున బిళ్లంత కనిపించింది. హ్యారీ మునిగాడు. ఖాళీ చేతుల్తో లేచాడు. మళ్లీ మునిగాడు, ఈసారి గుప్పిట నిండా నాచు. చెవి పట్టుకుని దగ్గుతున్నాడు.

"చాల్లే నాన్నా, వచ్చెయ్," అన్నాడు జాన్‌బాబు. "పాసయిపోయినట్టే."

"కాలేదు!" అని అరిచాడు హ్యారీ. గొంతు నిండా కోపం. "కానిది అయిందని చెప్పొద్దు నాన్నా!"

జాన్‌బాబు చెంప మీద కొట్టినట్టు ఆగిపోయాడు. వంతెన మీద బోర్లా పడుకుని, మొహం నీళ్ల దగ్గరికి తెచ్చి నెమ్మదిగా అన్నాడు. "నిజమే. కాలేదు. మూత ఇంకొంచెం ఎడమ పక్కనుంది. చూసుకుని దిగు."

మూడోసారి నీళ్ల మీద ముందు చెయ్యి లేచింది. చేతిలో మూత. ఆ వెనక తల. మేరీ చప్పట్లు కొడుతూ ఏడ్చింది, ఈవా అమ్మని చూసి తనూ చప్పట్లు కొట్టింది.

ఒడ్డున హ్యారీ డైరీలో గీతలు గీసి, పరీక్ష పెట్టినవాళ్లు సంతకం చెయ్యాలన్నాడు. ఇస్సాకు చేశాడు. తర్వాత డైరీ తల్లి ముందుకొచ్చింది. ఆమె మేరీ అని రాయబోతే వాడు అడ్డుపడ్డాడు.

"అక్కడికెళ్తే నువ్వు మళ్లీ డాక్టరువా?"

"అవును నాన్నా."

"అయితే అలాగే రాయి."

ఆమె కలం సరిగ్గా పట్టుకుంది. ఏళ్లుగా రాయని మాట ముందు పెట్టి, డాక్టర్ మేరీ అని రాసింది.

అంతమాత్రాన వాడి బాధ తీరిపోయిందనుకుంటే పొరపాటు. తిరుగు రైల్లో హ్యారీ వేరే సీటులో ఒక్కడే కిటికీ పక్కన కూర్చున్నాడు. దిగాక ఐస్‌క్రీమ్ బండి ముందు నుంచి నడిచినా ఎవరూ ఏమీ అడగలేదు. ఎవరూ ఏమీ కొనలేదు.

*

సోమవారం పొద్దున ప్లాట్‌ఫారం మీద పెట్టెలు ఎక్కించడం, ఈవా బొమ్మ వెతకడం, వీడ్కోళ్లు, అన్నీ ఒక్కసారే అయ్యాయి. జాన్‌బాబు ఇస్సాకుని గట్టిగా కావలించుకుని, "కూర చేదుగా చేశానురా," అన్నాడు. "పసుపు ఎక్కువైంది," అన్నాడు ఇస్సాకు. అంతకంటే ఇద్దరికీ చేతకాలేదు.

హ్యారీ చివరగా ఎక్కి, తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"బాబాయ్, డిసెంబర్‌లో వైజాగ్ వస్తావా?"

వస్తాలేరా అన్న మాట పెదాల చివరికి వచ్చేసింది. ఇస్సాకు దాన్ని మింగాడు.

"ఇప్పుడు చెప్పలేనురా. రావాలని ఉంది. రేపు ఆఫీసులో సెలవు అడుగుతా. బుధవారం సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసి, వస్తానో రానో చెప్తా."

హ్యారీ ఒక్క క్షణం బాబాయ్ మొహంలోకి పరీక్షగా చూశాడు. డైరీ తీసి, తలుపుకి ఆనించి, బుధవారం దగ్గర ఏడు అని రాసుకున్నాడు.

"రానన్నా ఫర్వాలేదు," అన్నాడు. "కానీ నువ్వే చెప్పాలి. నాన్నతో చెప్పించకు."

"నేనే చెప్తాను," అన్నాడు ఇస్సాకు.

తలుపులు మూసుకున్నాయి. అద్దం వెనక హ్యారీ డైరీ మూసి జేబులో పెట్టుకున్నాడు, బాబాయ్‌కి చెయ్యి ఊపాడు.